ఏడుపులో అబద్ధమాడని మోతీ

ఏడవడం కూడా ఒక విద్యేనా అని పట్నం వాళ్లు నవ్వుతారు. నవ్వుకోనివ్వండి, వాళ్లకేం తెలుసు. కుసుమంచి దాటాక గుట్టల నడుమ ఉన్న ఒక తండాలో మోతీ అనే లంబాడీ ఆవిడ ఉండేది. ఆమె గొంతెత్తి ఏడిస్తే దారిన పోయే బండివాడు కూడా ఎద్దులను ఆపి, పోయిందెవరో తెలియకుండానే కళ్లు తుడుచుకునేవాడు. డెబ్బైల్లో ఆ చుట్టుపక్కల ఎవరు పోయినా మొదటి కబురు చుట్టాలకు, రెండో కబురు మోతీకి.

లంబాడీల్లో ఏడుపంటే ఓ మూల కూర్చుని ముక్కు చీదుకోవడం కాదు. ఇద్దరు ఆడవాళ్లు ఒకరి మెడ మీద ఒకరు చేతులు వేసుకుని, తలకు తల ఆనించి, రాగం తీసి పాడుతూ ఏడుస్తారు. దాన్ని ఢావ్లో అంటారు. ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు పాడతారు, చాలా కాలానికి చుట్టం కనబడితే పాడతారు, చావుకైతే పాడి తీరాల్సిందే. ఆ పాట నడుస్తున్నంతసేపు మగవాడెవడూ నోరెత్తకూడదు. నాయకుడైనా సరే, తలపాగా తీసి పక్కన నిలబడాల్సిందే.

ఇక మోతీ గొప్పంతా ఎక్కడుందయ్యా అంటే, అబద్ధంలో ఉంది. తాగి తాగి పోయినవాడు ఆమె పాటలో రాజయ్యేవాడు. అన్నదమ్ముల గట్లు జరుపుకున్నవాడు ధర్మాత్ముడయ్యేవాడు. కోడలిని కాల్చుకు తిన్న అత్త చల్లని తల్లి అయిపోయేది. "సంతకు పోయి గాజులు తెచ్చినవ్, నీ చేత్తోనే తొడిగినవ్" అని మోతీ పాడితే, మొగుడి చేతి గాజు జన్మలో ఎరగని పెళ్లాం కూడా తెచ్చాడేమో అనుకుని ఘొల్లుమనేది. అది తప్పని మోతీకి ఏనాడూ తోచలేదు. కూరలో ఉప్పు ఎంత అవసరమో ఏడుపులో అది అంత అవసరం అనుకునేది.

ఆ దశకం చివర్లో నేలకొండపల్లి పక్కన పాత దిబ్బ తవ్వుతున్నారని, తట్టలు మోసేందుకు మనుషులు కావాలని తెలిసి మోతీ, ఆమె మొగుడు దస్రు, చిన్నపిల్లగా ఉన్న కూతురు రూప్లి అక్కడికి పోయి గుడిసె వేసుకున్నారు. దిబ్బలోంచి మూరెడేసి ఇటుకలు, విరిగిన రాతి బొమ్మలు బయటపడుతున్నాయి. బుద్ధుడి చోటు అన్నారు. ఎవరి చోటైతేనేం, మట్టి మట్టే కదా అనుకుని మోతీ తట్ట ఎత్తుకుంది. చలికాలం రాకముందే దస్రు చలిజ్వరంతో పోయాడు.

మొగుడి కోసం మోతీ పాడిన ఢావ్లో గురించి ఆ తరువాత చాలా ఏళ్లు తండాలో చెప్పుకున్నారు. దస్రును ఆమె రాజును చేసింది, వీరుడిని చేసింది, చేయవలసినవన్నీ చేసింది. విన్నవాళ్ల కళ్లు వాచిపోయాయి. దినాలయ్యాక మోతీ మళ్లీ దిబ్బ దగ్గరికి వచ్చింది. ఏడుపైతే అయిపోయింది గానీ దుఃఖం ఎక్కడికీ పోలేదు. పట్టుమని నాలుగు ముద్దలు దిగేవి కావు. తట్ట నెత్తిన పెట్టుకుని ఎటు పోవాలో మరిచిపోయి నిలబడిపోయేది.

ఆ రోజుల్లోనే నాగపూర్ వైపు నుంచి ఒక ముసలి భిక్షువు ఆ చోటు చూడడానికి వచ్చి, పక్కనే ఉన్న రేకుల షెడ్డులో కొన్నాళ్లు ఉండిపోయాడు. అందరూ ఆయన్ని భంతే అనేవారు. ఆయనకు తెలుగు ముక్క రాదు. మిగతా కూలీలు ఆయన మాటకు తలూపి పక్కకు తప్పుకునేవారు. మోతీకి మాత్రం ఆయన హిందీ సగానికి సగం తన లంబాడీ మాటలాగే వినబడేది. అందుకని ఆయనకు మంచినీళ్లు, రొట్టె ఇచ్చి వచ్చే పని ఆమె మీద పడింది.

ఒకనాడు భంతే రొట్టె అందుకుంటూ అడిగాడు: "మీ ఆయన ఎట్లాంటివాడు తల్లీ?"

అడగడమే పాపం, మోతీ రాగం అందుకుంది. గుర్రం, తలపాగా, బంగారు మనసు, అన్నీ వచ్చాయి. ఆయన అంతా విన్నాడు. మధ్యలో ఆపలేదు. పాట అయ్యాక నెమ్మదిగా, "అట్లాగే ఉండేవాడా?" అన్నాడు.

మోతీకి ఒళ్లు మండింది. ముండమోసిన ఆడదాన్ని అడగాల్సిన మాటేనా అది? లేచి పోబోయింది. పోలేకపోయింది. ఉన్నట్టుండి నవ్వొచ్చింది.

"లేదు తాతా," అంది. "వట్టి సోమరి. తట్ట సగమే నింపుకునేటోడు. గురక పెడితే మేకలు బెదిరేటియి. గని ఇంట్ల కూర వండిన్నాడు మూలుగ బొక్క నాకే వేసేటోడు. నాకు పండ్లు నొస్తున్నయ్, నువ్వు తిను అనేటోడు. ఆయన పండ్లకు ఏ నొప్పీ లేకుండె."

ఆ మాట అంటూనే కూలబడింది. రాగం లేదు, తాళం లేదు. పిల్లలు ఏడ్చినట్టు వెక్కి వెక్కి ఏడ్చింది. దస్రు పోయిన దగ్గర్నుంచి ఆమె నిజంగా ఏడ్చింది అదే మొదలు. ఆ రోజు కడుపునిండా తింది, కంటినిండా నిద్రపోయింది.

అప్పటి నుంచి పొద్దున పనికి ఎక్కే ముందు మోతీ ఆయన ఎదుట కూర్చునేది. కళ్లు మూసుకుని, ముక్కు దగ్గర ఊపిరి వచ్చిపోవడం చూడమన్నాడాయన. "గిది గూడ నేర్చుకునేదేనా తాతా, ముక్కున్నోళ్లందరు చేసేదే గదా," అని మోతీ ఎకసెక్కమాడింది. తీరా కూర్చుంటే ఊపిరి తప్ప అన్నీ కనబడ్డాయి. దస్రు కనబడ్డాడు, మేకలు కనబడ్డాయి, ఎప్పుడో చీర లాక్కున్న తోడికోడలు కనబడింది. ఆ తోడికోడలి మీద ఇంత కోపం ఇంకా మిగిలి ఉందని మోతీకి అప్పటిదాకా తెలియనే తెలియదు.

దుఃఖం ఉంది, దానికో కారణం ఉంది, అది ఆరిపోతుంది, ఆరిపోయేందుకు దారి ఉంది అని భంతే చెప్పాడు. ఆ దారికి ఎనిమిది అంగాలన్నాడు. చూపు, సంకల్పం, మాట, పని, బతుకుతెరువు అని ఆయన వరస పెట్టి చెబుతుంటే మోతీ చేతులెత్తేసింది.

"మేకలు కాసేదాన్ని, నాకు ఎనిమిది యాది ఉండయ్. ఒక్కటి చెప్పు."

"నీ విద్య మాటే కదా. మాట నుంచి మొదలుపెట్టు. మిగతావి వెనకే వస్తాయి."

"మరి దారి చివర ఏముంటది?"

"మంట ఆరుతుంది."

"పొయ్యి ఆరితే వంటెట్ల?"

భంతే బోడితల నిమురుకుంటూ చాలాసేపు నవ్వాడు. "పొయ్యి కాదు తల్లీ, ఇక్కడిది," అని తన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

తవ్వకం ఆ ఏటికి ఆగే ముందు మోతీ ఆయన ఎదుట ఐదు మాటలిచ్చింది. చంపనంది, దొంగిలించనంది, పరాయి మగవాడి గడప తొక్కనంది, అబద్ధమాడనంది, సారా ముట్టనంది. ఇప్పసారా మానేస్తానన్నందుకు తండా అంతా పగలబడి నవ్వింది. నవ్వినవాళ్లకు తెలియనిదేమిటంటే, అసలు కష్టం సారాతో కాదు, నాలుగో మాటతో. అబద్ధం లేకుండా మోతీ ఏమని ఏడుస్తుంది? భంతే వెళ్లిపోతూ ఇంకో మెలిక కూడా పెట్టి వెళ్లాడు: "నిజమే చెప్తానని ఒప్పుకున్నావు కదా అని దాన్ని కర్ర చేసుకోకు. చెప్పే ముందు నీ ఊపిరి చూసుకో. అది బుసకొడుతుంటే ఆగు." ఆ తరువాత ఆయన మళ్లీ అటు రాలేదు.

పరీక్ష ఎంతో దూరం లేకుండానే వచ్చింది. కిషన్‌లాల్ అనే తాగుబోతు పోయాడు. ఇంటిల్లిపాదీ రాజు పాట కోసం చూస్తున్నారు. మోతీ పాడింది: "ఈతచెట్ల కాడ తోవ తప్పేటోడివి, నీ కుక్క నిన్ను ఇంటికి తోలుకొచ్చేది. వాకిట్ల కూసున్న గా కుక్క ఇయ్యాల ఎవర్ని తోలుకురావాలె?" అందరూ వాకిట్లోకి చూశారు. కుక్క నిజంగానే అక్కడ కూర్చుని ఉంది. నవ్వు, ఏడుపు రెండూ ఒక్కసారే వచ్చేశాయి జనానికి. కిషన్‌లాల్ అన్న మాత్రం, మా తమ్ముడి పరువు తీసిందని ఆరు నెలలు మోతీతో మాట్లాడలేదు.

ఇలాగే ఏళ్లు గడిచాయి. కొందరు ఆమెను పిలవడం మానేశారు, కొందరు ఆమే కావాలని పట్టుబట్టారు. చచ్చే లోపల ఒక్క మంచి పనైనా చెయ్యరా, లేకపోతే మోతీకి పాడడానికేమీ దొరకదని తండాలో తల్లులు కొడుకులను తిట్టేవారు. పొద్దున్నే మేకలను వదిలే ముందు మోతీ ఊపిరి చూసుకోవడం ఏ ఒక్కరోజూ మానలేదు. కోపం రాని మనిషైపోయిందా అంటే, అదేం లేదు. వచ్చేది. వచ్చిందని ఆమెకు తెలిసేది, అంతే. ఆ తెలియడానికే మనలో చాలామందికి జన్మ చాలదు.

రూప్లి పెద్దదైంది. భద్రాచలం రోడ్డు మీద పాల్వంచ దాటాక అడవిలోకి పోతే ఒక తండా, దానికి నాయకుడు లాల్‌సింగ్. అతని కొడుకు తుల్సీరాంకు రూప్లినిచ్చి చేశారు. పెద్ద ఇల్లు, పేరున్న ఇల్లు. లాల్‌సింగ్ తీర్పు చెబితే పక్క తండాల వాళ్లు కూడా వినేవారు. ఇంట్లో అతని చెయ్యి ఎట్లా లేచేదో మాత్రం ఎవరూ బయట అనేవారు కాదు. అతని పెళ్లాం చాంది తలెత్తి మాట్లాడగా చూసినవాళ్లు లేరు. తండ్రిని చూసి కొడుకు నేర్చుకున్నాడు. ఒక ఏడు రూప్లి కనుబొమ్మ మీద కుట్లతో పుట్టింటికి వచ్చింది. మోతీ ఆ కుట్లు తడిమి చూసింది. ఇక పంపనంది. రూప్లే వినలేదు. "పిల్లగాడిని ఆళ్లు ఇయ్యరు యాడీ," అంది. తల్లిని వాళ్లు యాడీ అంటారు. కొడుకును వదిలి ఉండలేక రూప్లి తిరిగి వెళ్లిపోయింది.

తొంభై ఒకటో, రెండో, ఒక ఎండాకాలం పొద్దున లాల్‌సింగ్ మంచం మీదే పోయాడు. భద్రు అనే చుట్టం వచ్చి కబురు చెప్పాడు. వియ్యపురాలు వచ్చి చాంది మెడ మీద చెయ్యి వేసి పాడకుండా శవం లేవదు. మోతీ ఖమ్మం పోయి కొత్తగూడెం బస్సు ఎక్కింది, అక్కడ దిగి ఇంకో బస్సు ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుని ఊపిరి చూసుకోబోతే, కూతురి కనుబొమ్మ మీది కుట్లే కనబడ్డాయి. దారి పొడుగునా ఆమె నోట్లో పాట తయారవుతూనే ఉంది. కొట్టినవ్, తన్నినవ్, నీ కొడుక్కు అదే నేర్పినవ్ అనే పాట. ఒక్క ముక్క అబద్ధం లేదందులో. ఊపిరి మాత్రం బుసకొడుతోంది.

రోడ్డు మీద తుల్సీరాం ఎదురు చూస్తున్నాడు. తండ్రి పోయిన దుఃఖం ముఖంలో ఉంది, దాని పక్కనే బిరుసుతనమూ ఉంది. అడవి బాటలో నాలుగడుగులు వేశాక ఆగాడు.

"అత్తా, చుట్టుపక్కల నాయకులందరు వచ్చిండ్రు. మా బాపును మంచిగ పాడు. పెద్దమనిషి లెక్క పాడు. గా కిషన్‌లాల్‌ను పాడినట్లు పాడితే మాత్రం, పోయేటప్పుడు నీ బిడ్డను నీ ఎంబడి తీస్కపో. పిల్లగాడు ఈడనే ఉంటడు."

మోతీ అతన్ని దాటి నడిచింది. వాకిట్లో కాళ్లకు నీళ్లిస్తూ రూప్లి వంగి, తల్లికి మాత్రమే వినబడేలా అంది: "యాడీ, నీకు మొక్కుత. ఈ ఒక్కసారికి అబద్ధం చెప్పు."

అదండీ సంగతి. అబద్ధం పాడితే ఇన్నేళ్లు నడిచిన దారి ఒక్క పూటలో పోతుంది. కడుపులో ఉన్న నిజం పాడితే కూతురికి కొడుకు పోతాడు. పైగా అది నిజమైనా సరే, కర్రే. భంతే వద్దన్నది దాన్నే. ఆ పెద్దాయన ఏ నాగపూర్‌లోనో హాయిగా కూర్చుని ఉంటాడు, ఇక్కడ తలకు తల ఆనించి పాడాల్సింది మోతీ.

ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు. మోతీ చాంది పక్కన కూలబడి మెడ చుట్టూ చేతులు వేసింది. చాంది కళ్లు పొడిగా ఉన్నాయి. పొద్దుటి నుంచి ఒక్క చుక్క రాలేదని అప్పటికే వాకిట్లో గుసగుసలు. మోతీ కళ్లు మూసుకుంది. పాట ఎత్తుకోలేదు. ఊపిరి వేడిగా వస్తోంది, వేడిగా పోతోంది. కోపం ఉంది. భయం ఉంది. రెంటినీ అలాగే చూస్తూ కూర్చుంది. జనం కదిలారు. ఎవరో దగ్గారు. "ముసల్దానికి పాట మరుపొచ్చిందా ఏంది" అని ఒక ఆడమనిషి పక్కావిడతో అంది. మెల్లమెల్లగా ఆ వేడి తగ్గింది.

అది తగ్గాకగానీ ఆమెకు పక్కనున్న మనిషి ఊపిరి వినబడలేదు. చాంది సరిగా ఊపిరి తియ్యడం లేదు. కొంచెం తీసి ఆపుతోంది. ఆపి చెవి ఒగ్గుతోంది. మళ్లీ కొంచెం తీస్తోంది. శవం ఎదురుగా ఉన్నా ఆమె ఇంకా దేని కోసమో వింటోంది. అది దేనికో అర్థమయ్యేసరికి మోతీకి లాల్‌సింగ్ మీద కోపం గుర్తు కూడా లేకుండా పోయింది. గొంతు దానంతటదే లేచింది.

"అడవి మొగదల నీ అడుగు చప్పుడైతే
చాంది పొయ్యి రాజేసేది, లాల్‌సింగూ.
వాకిట్ల నీ దగ్గు వినపడితే
చాంది ముంత నింపేది, లాల్‌సింగూ.
తలుపు కాడ నీ కట్టె ఆనిస్తే
చాంది పిల్లల నోరు మూసేది, లాల్‌సింగూ.
జన్మంత నీ చప్పుడే విన్నది,
ఇంకో చప్పుడు ఎరగదు.
ఇయ్యాల చప్పుడు లేదు.
ఆమె చెవులు ఇంకా వాకిట్లనే ఉన్నయ్.
ఇంక వినే పని లేదని
గా చెవులకు ఎవరు చెప్పాలె, లాల్‌సింగూ?"

ముందు చాంది భుజాలు కదిలాయి. తరువాత ఆ మనిషిలోంచి ఒక ఏడుపు వచ్చింది. జన్మంతా ఇంత గొంతు ఎక్కడ దాచిందో అనిపించేంత ఏడుపు. మొగుడి కోసమో, తన కోసమో, ఆ రెండూ విడదీయగలిగినవాళ్లు అక్కడ లేరు. వాకిట్లో ఉన్న కోడళ్లు ఒకరి తరువాత ఒకరు ఒకరి మెడలు ఒకరు పట్టుకున్నారు. మగవాళ్లు తలపాగాలు చేతిలో పట్టుకుని నేల చూపులు చూశారు. తప్పు పట్టడానికి ఆ పాటలో తిట్టు లేదు. మెచ్చుకోవడానికి పొగడ్తా లేదు. పాట నడుస్తుండగా నోరెత్తే ఆచారమూ లేదు.

దహనమైంది. స్నానాలయ్యాయి. చుట్టాలు ఎవరి దారిన వాళ్లు పోతున్నారు. మోతీ కూతురి దగ్గరికి పోయి, "రెండు బట్టలు మూటగట్టుకో బిడ్డా. నీ మొగుడు చెప్పినట్లు పాడలే నేను," అంది. మనవడు బయట మేకపిల్లతో ఆడుతున్నాడు. రూప్లి తల్లి వంక చూడకుండానే మూట కట్టసాగింది.

తుల్సీరాం వాగు దగ్గర్నుంచి తడిబట్టలతో వస్తున్నాడు. వాకిట్లో అతని అడుగు పడింది. మూట ముడి వేస్తున్న రూప్లి చెయ్యి ఆ చప్పుడుకు ముడి వదిలేసి, దానంతటదే పోయి ముంత అందుకుంది. అలవాటైన చెయ్యి, పాపం, మూట కడుతున్న సంగతి దానికేం తెలుసు. తుల్సీరాం గడపలో ఆగిపోయాడు. ముంతను చూశాడు, ఆమెను చూశాడు. లోపల మూలన కూర్చున్న తల్లిని చూశాడు. ఆ తరువాత రూప్లిని అడిగాడు.

"నేనొస్తుంటే నువ్వు గూడ గట్లనే వింటవా?"

ఏమీ లేదని ఒక్క మాట అంటే చాలు, ఆ ఇల్లు, ఆ పిల్లవాడు రూప్లికి మిగిలిపోతాయి. మోతీ నోటి దాకా మాట వచ్చింది. రావడం ఆమె చూసింది. చూసి ఊరుకుంది. అది కూతురు చెప్పవలసిన జవాబు.

"అవ్," అంది రూప్లి.

తుల్సీరాం గడప మీద కూలబడ్డాడు. చేతుల్లో ముఖం పెట్టుకుని, పొద్దుటి నుంచి ఏడవని ఏడుపు అప్పుడు ఏడ్చాడు. ఎవరూ అతని మెడ మీద చెయ్యి వెయ్యలేదు. కాసేపటికి లేచి రూప్లి చేతిలోంచి ముంత తీసుకుని, తానే నీళ్లు ముంచి, తల్లి ముందు పెట్టాడు. మూట సంగతి ఎత్తలేదు. పొమ్మనీ అనలేదు, ఉండమని అడిగే ముఖమూ అతనికి లేదు.

అతని చెయ్యి మళ్లీ ఎన్నడూ లేవలేదని చెప్పి ముగించవచ్చు. మోతీ కథ చెబుతూ నేనే అబద్ధమాడితే ఎట్లా? తరువాతి ఏడు ఒకసారి లేచిందట. సగంలో ఆగి, దిగిందట.

ఆ సాయంత్రం మోతీ, "వస్తవా, ఉంటవా?" అని కూతురిని అడిగింది. రూప్లి మూట మీద చెయ్యి వేసి కొంచెంసేపు కళ్లు మూసుకుంది. కళ్లు తెరిచి, "నువ్వు పోయిరా యాడీ," అంది. "అబద్ధం చెప్పకుండ ఈ ఇంట్ల బతకొస్తదో లేదో నేను గూడ చూస్త."